ఏడో కాపీ

కందుకూరు కోర్టు మెట్ల కింద నా మిషను.
ముప్పయ్యెనిమిదేళ్ళు.
ఇదే కుర్చీలో మా నాయన "నెల్లూరు జిల్లా" అని కొట్టాడు,
నేను "ప్రకాశం జిల్లా" అని కొట్టా,
మొన్నటినుంచి మళ్ళీ "నెల్లూరు" అన్నారు,
రేపు ఏమంటారో.
ఊరు మాత్రం అంగుళం జరగలా.

ఈ మాటకి మాల్యాద్రి సారు గట్టిగా నవ్వి
"కాలేషా, చెక్కు దేశం నీకు చెప్పకుండానే అర్థమవుద్ది" అన్నాడు.
బ్యాంకు చెక్కనుకున్నా నేను.

పొగాకు కంపెనీలో గ్రేడింగ్ గుమాస్తా ఆయన.
ఎనభై నాలుగులో ఆకు కొనడానికి వచ్చిన దొర ఒకడు
గెస్టుహౌసు పరుపు కింద ఒక కట్ట మరిచిపోయాడంట.
మరిచిపోయాడో, వదిలిపోయాడో.
ఉల్లిపొరలాంటి కాగితాలు, పదిహేడు.
రిటైరయ్యాక నిఘంటువు ముందేసుకుని
పదకొండేళ్ళు కుస్తీ పట్టి తెలుగులో రాశాడు.
అది టైపు కొట్టాలి. పేజీకెంత?

కట్ట తీసి చూశా.
అక్షరాల నెత్తిన చిన్న కొంకి,
అచ్చం మన తలకట్టు.
"ఆ గుర్తు పెట్టమన్నాయన్ని, వేరే మాటలకి,
కట్టెల మీద నిలబెట్టి కాల్చారంట" అన్నాడు సారు,
టీ గ్లాసు ఊదుకుంటా.

ఇంకా చెప్పాడు.
ఓ చిన్న గుట్ట మీద రెండు గంటల యుద్ధం,
ఆ తర్వాత పుస్తకాలు పొయ్యిలోకి,
రాసేవాళ్ళు పొలిమేర అవతలికి.
కచేరీలో జర్మను, బడిలో జర్మను.
సొంత మాట గొడ్లసావిట్లో, ఉగ్గుగిన్నె దగ్గర
రెండొందల ఏళ్ళు తలొంచుకుని బతికింది.
అప్పుడు కొందరు కుర్రాళ్ళు
పాలమ్మే ఆడోళ్ళ దగ్గర ఒక మాట, కమ్మరి దగ్గర ఒక మాట ఏరి,
లేనివి పక్కింటి భాషల్లో చేబదులు తెచ్చి
నిఘంటువు కట్టారంట.
"చేబదులు తీర్చారా?" అన్నా.
సారు జవాబు చెప్పలా.

మా కాలంలోనేనంట,
అచ్చాఫీసుకి తాళం పడితే
నవల రాసినాయన బాయిలరుకి బొగ్గేసేవాడు,
ఇంకొకాయన కిటికీలు తుడిచేవాడు.
రాత్రి తలుపు గడేసి,
రేడియో పెద్దగా పెట్టి,
కార్బన్లు పెట్టి ఒక్క దెబ్బకి పది కాపీలు.

అక్కడ నాకు చెప్పాల్సిన పని లేదు.
పది కాగితాల కింద దాకా అక్షరం దిగాలంటే
చిటికెనవేలు ఏడుస్తుంది.
సారు కట్ట తిరగేసి వెనకవైపు తడిమా.
ఇది ఏడోది, మహా అయితే ఎనిమిదోది.
పద్నాలుగో పేజీలో ఒక తప్పు,
దాని మీదే ఇంకోసారి గట్టిగా కొట్టింది.
కొట్టింది ఆడమనిషని ఎందుకనుకున్నానో.
రాసినోళ్ళ పేర్లు సారు గడగడా చెప్పాడు.
కొట్టినోళ్ళ పేరు అడిగితే
కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

కథ ఏందంటే,
ఒక ముసలాయన ట్రాము కోసం నిలబడతాడు. అది రాదు.
ఎందుకు రాలేదని ఎవుర్నీ అడగడు.
పదిహేడు పేజీలూ అంతే.
"దీనికా సారూ, గడేసుకుని కొట్టింది?"
"దీనికే కాలేషా."

చదవరాని చోట చుక్కలు పెట్టమన్నాడు.
ఎన్ని అక్షరాలు పోయాయో వేలితో లెక్కేసి
అన్ని చుక్కలే కొట్టా. తొమ్మిదో పేజీ సగం చుక్కలే.

ఎదురుగ్గా జిరాక్సు అంగడి, పేజీ రెండు రూపాయలు.
అయినా ఆరు కార్బన్లు సర్దా.
తలకట్టు కొట్టినప్పుడు బండి కదలదు,
అక్షరం కొట్టాకే జరుగుతుంది.
ఆ పాటి ఆగుడులో
ఎవరో నా భుజం మీదుగా చూస్తున్నట్టు ఉండేది.

ఆరు సారు తీసుకెళ్ళాడు.
ఏడోది నా డ్రాయర్లో, స్టాంపు కాగితాల కింద ఉంది.
నేనే చదవలేను దాన్ని.

గుమాస్తా కేకేస్తన్నాడు,
వాయిదా పిటిషనంట,
మూడు కాపీలు చాలంట.